ఒకే శ్లాబు, మూడు గదులు, మూడు రోగాలు: సోంపేట దగ్గర ఒక ఇంటి సీలింగ్ మరమ్మతు

సోంపేట నుంచి బారువ వెళ్ళే దారిలో, సముద్రపు గాలి నేరుగా తగిలే ఒక ఊళ్ళోని డాబా ఇల్లు ఇది. 1994లో కట్టారు. యజమాని రిటైరైన టీచరు, ఊరంతా పిలిచినట్టే నేనూ మేస్టారనే పిలుస్తాను. హాలు, రెండు పడకగదులు, వంటిల్లు, దాన్ని ఆనుకుని చిన్న స్టోరు గది. అన్నింటి మీదా ఒకటే శ్లాబు. మందం నాలుగున్నర అంగుళాలు, అడుగున 8 ఎంఎం ఊచలు.

నన్ను పిలిచింది శ్లాబు కోసం కాదు. "సీలింగుకి రంగులేయించాలి బాబూ. అక్కడక్కడా పెచ్చులూడాయి, అవి కూడా కాస్త సరిచేసి వేసేయండి" అన్నారు ఫోన్లో. మనవడి అన్నప్రాశన ఆ ఇంట్లోనే చేయాలని ఆయన పట్టుదల. ముహూర్తం ఏప్రిల్‌లో. నేను వెళ్ళింది సంక్రాంతి వెళ్ళాక.

పలాస నుంచి ఉద్దానం వైపు నాకొచ్చే పిలుపులు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. చేతిలో పెయింటరు ఇచ్చిన కొటేషన్ ఒకటి ఉంటుంది, అందులో చదరపు అడుగుకి ఇంత అని ఒకే లెక్క ఉంటుంది. ఈ ఇంటి గురించి వివరంగా రాయడానికి కారణం కూడా అదే. ఒకే శ్లాబు కింద, చూడ్డానికి ఒకేలా ఉన్న మరకలకి ఇక్కడ మూడు వేరువేరు కారణాలు దొరికాయి. మూడింటికీ ఒకే మందు పూసి ఉంటే రెండు గదుల్లో డబ్బు దండగ, మూడో గదిలో మనుషుల తలల మీదికి ప్రమాదం.

కంటికి కనిపించింది

హాల్లో తూర్పు గోడ పక్కన, సీలింగు మీద గోధుమరంగు వలయాలు. ఒకదాని చుట్టూ ఒకటి. ప్రతి వానకీ మరక కొంచెం పెరిగి ఆరిపోయిందని అర్థం. వంటింట్లో నల్లని చుక్కలు, పొలుసులుగా లేచిన పెయింటు. పడమటి పడకగదిలో మాత్రం పెచ్చులు రాలి ఊచలు బయటపడ్డాయి. కొన్నిచోట్ల ఊచల వరసలోనే నెర్రెలు, వాటి వెంట తుప్పు మరక. ఫ్యాన్ పక్కన అరచేతి వెడల్పున తెల్లటి అతుకు ఒకటి ఉంది. అంతకు ముందు రంగులేసిన పెయింటరు అక్కడ రాలిన చోట పీఓపీ నింపి మూసేశాడట. గోరుతో గీకితే సున్నంలా చేతికొచ్చింది. దాని వెనక ఊచ మిగతా అన్నిచోట్లకన్నా ఎక్కువ తినేసి ఉంది.

ఈ పీఓపీ సంగతి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే మన వైపు ఇది బాగా అలవాటు. పీఓపీ అంటే జిప్సమ్. సిమెంటులో ఉండే క్షారగుణం దానికి లేదు, కాబట్టి ఇనుముకి అది ఏ రక్షణా ఇవ్వదు. పైగా చెమ్మ పీల్చుకుని ఊచ పక్కనే నిలబెడుతుంది. ఊచ కనిపిస్తున్న చోట పీఓపీ నింపడం కన్నా అలా వదిలేయడమే నయం, కనీసం ఎంత పాడైందో కనబడుతుంది.

డాబా మీదికెక్కితే ఇంకో కథ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు పెరట్లోని కొబ్బరిచెట్టు తూర్పు పిట్టగోడ మీద పడింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి ఎంత పోయాయో అందరికీ తెలుసు. ఆ హడావుడిలో కూలిన పిట్టగోడ ముక్కని తిరిగి కట్టించారు కానీ, కొత్త గోడకీ పాత శ్లాబుకీ మధ్య సన్నని గీత మిగిలిపోయింది. నీళ్ళు పోయే తూము డాబా మొత్తానికి ఒక్కటే. అదీ ఎండిన కొబ్బరి పూతతో, వేపాకుతో సగం మూసుకుపోయి ఉంది. దాని చుట్టూ ఆరిన నాచు. ఇక పడమటి గది మీద, సరిగ్గా నడిమధ్యన, వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకు. నిండితే నీళ్ళ బరువే ఒక టన్ను. కింద ఊచలు పాడైన గది కూడా అదే.

సుత్తి చెప్పింది

సీలింగు పనిలో కంటిని సగమే నమ్మాలి. మిగతా సగం చెవి చెప్పాలి. చిన్న సుత్తి తీసుకుని, స్టూలెక్కి, జానెడు జానెడుకీ తట్టుకుంటూ పోతాం. గట్టి కాంక్రీటు టంగుమంటుంది. ఊచ ఉబ్బి లోపల పొర విడిపోయిన చోట డబ్బుమని డొల్లగా మోగుతుంది. డొల్ల పలికిన చోటల్లా సుద్దముక్కతో గీత గీస్తాం. పడమటి గదిలో పెచ్చులూడి కనిపించిన మేర నాలుగు చదరపు అడుగులు మించదు. తట్టడం అయ్యాక సుద్దగీతల లోపల పడింది ముప్ఫై దాటింది. అది చూసి మేస్టారి భార్య, "ఏటి బాబూ, మొత్తం ఇప్పేస్తారేటి?" అన్నారు. ఆమె భయం న్యాయమైనదే. పెయింటింగ్ అని పిలిస్తే వచ్చినవాడు శ్లాబు పగలగొడతానంటే ఎవరికైనా టెన్షనే.

అందుకే సుత్తి ఎత్తే ముందు మూడు చిన్న పరీక్షలు చేశాం. ఖర్చు పెద్దగా ఉండదు, ఇంటివాళ్ళకి కళ్ళతో చూపించొచ్చు.

వంటింట్లో, మరక ఉన్న చోట ఒక చదరపు అడుగు పాలిథీన్ కవరుని నాలుగు అంచులా టేపు వేసి సీలింగుకి అంటించాం. మర్నాడు పొద్దున్న చూస్తే కవరు బయటి వైపు, అంటే గది వైపు, నీటి బొట్లు. లోపలి వైపు పొడిగా ఉంది. శ్లాబులోంచి నీరు దిగుతుంటే కవరు లోపల తడవాలి. ఇక్కడ తడి వంటింటి ఆవిరిది. జనవరి తెల్లవారుజామున శ్లాబు చల్లగా ఉంటుంది, అన్నం గంజి ఆవిరి పైకి లేచి అక్కడ బొట్టు కడుతుంది. ఆ గదికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ లేదు. దానికి తోడు, తుడవడానికి వీలుగా ఉంటుందని సీలింగుకి ఆయిల్ పెయింట్ వేయించారు, అదీ పాత సున్నం పొరల మీదే. సున్నం వదులైతే దాని మీది పెయింటు పొలుసులు లేవక ఏం చేస్తుంది?

హాల్లో మరక అంచులని పెన్సిలుతో గీసి, డాబా మీద తూము మూసి, తూర్పు వైపు ఇటుకలతో చిన్న మడి కట్టి నీళ్ళు నిలబెట్టాం. మర్నాటికి మరక పెన్సిలు గీత దాటి వచ్చింది. దాంతో కారణం పిట్టగోడ కింది గీతేనని తేలింది. సుత్తికి కూడా హాల్లో ఎక్కడా డొల్ల పలకలేదు. నీరు దిగుతోంది కానీ ఇనుము ఇంకా చెడలేదు.

పడకగది సంగతే అసలు చిక్కు. ఒకచోట తాజాగా పగలగొట్టి, ఆ ముఖం మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లాం. కాలేజీ ల్యాబులో అందరూ చూసిందే. కాంక్రీటులో క్షారగుణం బతికి ఉంటే గులాబీరంగు వస్తుంది, గాలిలోని బొగ్గుపులుసు వాయువుకి ఆ గుణం చచ్చిపోయిన చోట రంగు రాదు. పాత ఇళ్ళలో మామూలుగా ఊచ వరకూ రంగు రాకపోవడం చూస్తాం, అందుకే తుప్పు పట్టిందని అర్థమవుతుంది. ఇక్కడ పైపై పొరలోనే రంగు రాలేదు. కొంచెం లోతున, ఊచ చుట్టూ, చక్కటి గులాబీరంగు. ఆ గులాబీరంగు మధ్యలోనే ఊచ మాత్రం పొరలు పొరలుగా తుప్పు.

క్షారగుణం ఉన్నా ఇనుము తుప్పు పడుతోందంటే ముందు అనుమానించాల్సింది ఉప్పుని. మంచి కాంక్రీటులో ఊచ మీద కంటికి కనిపించని రక్షణ పొర ఒకటి ఏర్పడుతుంది. ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరని చిల్లులు పొడుస్తుంది, చుట్టూ క్షారం ఉన్నా సరే. ఒకసారి తుప్పు మొదలైతే ఆ తుప్పు అసలు ఇనుముకన్నా రెండింతల నుంచి ఆరింతల దాకా చోటు అడుగుతుంది. ఆ ఒత్తిడికి కింది కాంక్రీటు పెచ్చుగా విడిపోతుంది. డ్రిల్లుతో వేర్వేరు లోతుల్లో పొడి తీసి విశాఖలో ల్యాబుకి పంపాం. కాంక్రీటు పనికి మన దేశంలో పాటించే ఐఎస్ 456 కోడు ఆర్‌సీసీకి, అంటే ఊచలు వేసిన కాంక్రీటుకి, ఘనపు మీటరుకి 0.6 కిలోల క్లోరైడ్ వరకే ఒప్పుకుంటుంది. మా పొడి ఆ గీత దాటింది. పైగా అడుగు పొరలోనూ లోపలి పొరలోనూ దాదాపు ఒకేలా ఉంది. గాలితో వచ్చిన ఉప్పయితే పైపొరలో ఎక్కువ, లోపలికి పోయేకొద్దీ తక్కువ ఉండాలి. అన్ని లోతుల్లో ఒకేలా ఉందంటే అది కాంక్రీటు కలిపిన రోజే లోపలికి వెళ్ళిన ఉప్పు.

మేస్టారిని అడిగితే గుర్తు చేసుకున్నారు. సగం శ్లాబుకి ఇసుక మహేంద్రతనయ నుంచి, ఎగువ నుంచి వచ్చింది. అది చాలక, చివర్లో పడమటి భాగానికి బారువ వైపు, నది సముద్రంలో కలిసే దగ్గర నుంచి రెండు బళ్ళ ఇసుక తోలించారట. ఆ రోజుల్లో బండివాడు ఎక్కడ తవ్వాడో అడిగేవాళ్ళు లేరు. ఒకే శ్లాబులో ఒక గది ఊచలు తినేసి, పక్క గది ఊచలు నిక్షేపంగా ఉండడానికి సమాధానం అక్కడ దొరికింది.

ఊచల కింద కాంక్రీటు కప్పు ఎంత ఉందో కూడా చూశాం. అదే కోడు 1978 నాటి ప్రతి ప్రకారం శ్లాబు అడుగున ఊచకి కనీసం 15 ఎంఎం కాంక్రీటు కప్పు ఉంటే చాలు. 2000 నాటి ప్రతి తీరప్రాంతంలో నీడపట్టున ఉండే కాంక్రీటుకి కూడా 30 అడుగుతుంది. ఇక్కడ చాలాచోట్ల 10 కూడా లేదు. శ్లాబు వేసేటప్పుడు ఊచల కింద పిక్క రాళ్ళు పెట్టి లేపి ఉంటారు, మీద మనుషులు నడిచేసరికి అవి పక్కకి తప్పుకుని ఊచలు సెంట్రింగు రేకుకి ఆనుకుపోయాయి.

ఏం చెప్పాం, ఏం ఒప్పుకున్నారు

ఉప్పు కలిసిన కాంక్రీటుకి పూర్తి మందు ఒక్కటే, ఆ భాగం తీసేసి కొత్త శ్లాబు వేయడం. అది నేను మేస్టారికి మొదటే చెప్పాను. ఎందుకంటే అతుకు వేసిన చోట తుప్పు ఆగినా, అతుకు అంచు బయట కొత్తగా మొదలవుతుంది. తుప్పు పడుతున్న చోటు చుట్టుపక్కల ఊచల తుప్పుని కూడా తన మీదికి లాక్కుంటూ ఉంటుంది. దాన్ని బాగు చేశాక ఆ పని పక్కచోటికి మారుతుంది. జింకు బిళ్ళలు ఊచలకి కట్టి, ఇనుము బదులు జింకు అరిగేలా చేసే పద్ధతి ఉంది. అది చెప్పాను, ఖర్చూ చెప్పాను. రెండూ తమ వల్ల కాదన్నారు. "ఇంకో పదేళ్ళు మమ్మల్ని నిద్రపోనిస్తే చాలు బాబూ, తర్వాత మా అబ్బాయి చూసుకుంటాడు" అన్నారు. సరే, ఆ మేరకే పని. సుద్దగీత వరకు కాక, గది నడిమి భాగం మొత్తం ఊచల వెనక వరకు తీసి కట్టడం, మిగతా అంచుల మీద ఏటా సుత్తితో తట్టి చూసుకోవడం. గ్యారంటీ కాగితం అడిగారు. ఆ గదికి ఇవ్వలేదు, మిగతా వాటికి ఇచ్చాను.

మామూలుగా ముందు డాబా, తర్వాత సీలింగు అన్నది నా వరస. ఇక్కడ మార్చాం. కింద నుంచి సుత్తి దెబ్బలు తగిలితే శ్లాబు అదురుతుంది, ఫ్యాన్ కోసం పై నుంచి కొత్తగా కన్నం వేయాలి. ఆ రెండూ అయ్యాకే వాటర్‌ప్రూఫింగ్. జనవరి, ఫిబ్రవరిల్లో మన దగ్గర వాన భయం లేదు కాబట్టి ఈ వరస కుదిరింది. ఇదే జూన్‌లో అయితే ఒప్పుకునేవాణ్ణి కాదు.

పడకగది

ముందు ట్యాంకు ఖాళీ చేసి, రెండు గదుల మధ్య గోడ మీదికి మార్చాం. గది మెయిన్ కరెంటు తీసేశాం. ఆ కాలపు శ్లాబుల్లో వైరింగు పైపులు ఊచల పక్కనే పోతాయి, ఉలి ఒక్కసారి జారితే చాలు. తర్వాత సరుగుడు కర్రలు నాలుగు వరసలుగా నిలబెట్టి, మీద చెక్కబద్దలు అడ్డంగా పరిచి, కింద చీలికలు కొట్టి బిగించాం. మేస్త్రీలు ఈ దశని దాటేయాలని చూస్తారు, శ్లాబు ఏం పడిపోదులెండి అంటారు. గది నడిమధ్యన అడుగు ఊచలే శ్లాబు బరువుని లాగిపట్టుకునేవి. వాటిని విప్పుతూ కింద ఆనిక లేకుండా పని చేయడం నా సైటులో జరగదు.

పగలగొట్టడం ఒకేసారి కాదు, రెండడుగుల పట్టీలుగా, ఒకటి విడిచి ఒకటి. ఊచ కనిపించాక అక్కడితో ఆగకూడదు. ఊచ వెనక వేలు దూరేంత, అంటే 20 ఎంఎం వరకు, కాంక్రీటు తీయాలి. ఊచ సగం పాత ఉప్పు కాంక్రీటులో, సగం కొత్త మోర్టారులో ఉంటే తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. అతుకు అంచుల్ని గ్రైండరుతో చదరంగా, కొంచెం లోతుగా కోసుకోవాలి. పలచగా సాగదీసిన అంచు నిలవదు, రంగు కింద నెర్రె కట్టేది ముందు అదే.

మా మేస్త్రి ఇచ్ఛాపురం వైపు మనిషి, ఈ పనిలో చెయ్యి తిరిగినవాడు. ఫ్యాన్ దగ్గరి పట్టీ విప్పాక కిందికి దిగి ఒక ముక్క నా చేతిలో పెట్టాడు. "బాబూ, ఇది ఊచ కాదండి. సేత్తో ఇరిసీయొచ్చు" అన్నాడు. పొరలు రాల్చి వెర్నియర్‌తో కొలిస్తే నడుమన ఐదున్నర ఎంఎం మిగిలింది. 8 ఎంఎం ఊచ 7కి దిగిందంటేనే వైశాల్యంలో దాదాపు నాలుగో వంతు పోయినట్టు, ఐదున్నరకి దిగితే సగం కన్నా ఎక్కువ పోయినట్టు. మేం పెట్టుకున్న నియమం తేలికైనది. 7 దాటి మిగిలిన ఊచని శుభ్రం చేసి ఉంచడం, 7 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే పక్కన కొత్త ఊచ. కొత్త ఊచ రెండు వైపులా మంచి ఊచ పక్కన 400 ఎంఎం, అంటే ఊచ మందానికి యాభై రెట్లు, కలిసి నడవాలి. అందుకోసం బాగున్న కాంక్రీటు కూడా కొంత విప్పాల్సి వచ్చింది. మేస్టారికి అది కష్టంగా అనిపించింది, బాగున్నదాన్ని ఎందుకు పగలగొడతారని. రెండు ఊచల మధ్య బలం మారడానికి ఆ పొడవు కావాలని అతుకు పెట్టిన తాడు చూపించి చెప్పాను.

ఫ్యాన్ కొక్కెం ఊచకే తగిలించి ఉంది. ఆ ఊచ చేత్తో విరిచిన ముక్కకి జానెడు దూరం. కొన్నేళ్ళుగా ఆ ఫ్యాన్ కిందే మంచం. కొక్కెం తీసేసి, శ్లాబు ఆరపార కన్నం వేసి, డాబా మీద ఇనుప పలక ఉంచి, మర బిగించిన రాడ్డుకి కొత్త కొక్కెం పెట్టాం.

తుప్పు తీయడానికి గ్రైండరుకి వైరు బ్రష్షు. పై వైపు, అంటే శ్లాబుకేసి ఉన్న వైపు, చేతి బ్రష్షుతోనే సాధ్యం. ఎవరూ చూడరు కాబట్టి వదిలేసేది కూడా ఆ వైపే. చిన్న అద్దం పట్టుకుని నేను చూశాక గానీ ముందుకి పోనివ్వలేదు. ఉప్పు పని కాబట్టి తర్వాత మంచినీళ్ళతో కడిగించాం. ఇంటి బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, కడగడానికి, కలపడానికి, తడపడానికి అన్నిటికీ ట్యాంకరు నీళ్ళే. ఆరాక జింకు ప్రైమర్ రెండు పూతలు.

మోర్టారుకి ఎస్‌బీఆర్ లేటెక్స్, అంటే సిమెంటులో కలిపే పాలలాంటి రబ్బరు ద్రవం, వాడాం. మేస్త్రీలు దాన్ని కెమికల్ అంటారు. దాంతో రెండు చోట్ల పని చెడుతుంది. మొదటిది, పాత కాంక్రీటు మీద పూసే సిమెంటు-లేటెక్స్ జావ జిగురుగా ఉన్నప్పుడే మోర్టారు కొట్టాలి. ముందు గది మొత్తం జావ పూసుకుని టీ తాగొచ్చి మొదలుపెడితే అది ఎండి, అతికించేది కాస్తా విడదీసే పొర అవుతుంది. మేం ఒక మనిషి పూస్తుంటే వెనకే ఇంకొకరు మోర్టారు కొట్టేలా పెట్టుకున్నాం. రెండోది మందం. నెత్తి మీద పనిలో ఒక్క పొరకి 10, 12 ఎంఎం మించితే బరువుకి జారుతుంది, జారకపోయినా లోపల ఖాళీ వదులుతుంది. ప్రతి పొర మీదా తాపీ మొనతో గీతలు పెట్టి, గట్టిపడ్డాక తర్వాతది. కొత్త ఊచల కింద 20 ఎంఎం తగ్గకుండా కప్పు వచ్చేలా సీలింగుని కొంచెం కిందికి దించాం. 30 పెట్టాలంటే బరువు, ఎత్తు రెండూ కుదరలేదు.

తడపడంలోనూ మామూలు ప్లాస్టరింగు అలవాటు ఇక్కడ పనికిరాదు. మొదటి రోజు తడిగా ఉంచి, తర్వాత గాలికి ఆరనివ్వాలి. లేటెక్స్ పొర కట్టేది ఆరేటప్పుడే. వారం రోజులు నీళ్ళు కొట్టాలని మేస్త్రి పట్టుబట్టాడు, డబ్బా మీద రాసినది చదివి వినిపిస్తే గానీ వినలేదు. కర్రలు మాత్రం మోర్టారు బలం పుంజుకునే వరకు, నెల దగ్గర దగ్గర, తీయలేదు.

డాబా, వంటిల్లు

పిట్టగోడ కింద గీతని వి-ఆకారంలో కోసి, సాగే సీలెంట్ నింపి, గోడకీ శ్లాబుకీ మూలలో సిమెంటు వాటం కట్టాం. తూర్పు వైపు రెండో తూము పెట్టాం. ఉన్నది వెడల్పు చేసి జాలీ బిగించాం. నీళ్ళు నిలిచే చోట తూముల వైపు వాలు వచ్చేలా చదును చేసి, అంతా ఆరాక జాలీ గుడ్డ మధ్యన పెట్టి తెల్లటి వాటర్‌ప్రూఫ్ పూత. మళ్ళీ మడి కట్టి నీళ్ళు నిలబెట్టి చూశాం, హాల్లో పెన్సిలు గీత కదల్లేదు.

వంటింట్లో మరమ్మతు కన్నా గీకుడే ఎక్కువ. సున్నం, ఆయిల్ పెయింట్ కలిసి గట్టి ప్లాస్టరు కనిపించే వరకు. నల్ల బూజుకి బ్లీచింగ్ నీళ్ళు పూసి, పావుగంట ఆగి కడిగాం. కిటికీలు తెరిచి, ముక్కుకి గుడ్డ కట్టుకుని చేయాలి. బాత్రూం కడిగే యాసిడ్‌తో అది పొరపాటున కూడా కలవకూడదు, విషవాయువు వస్తుంది. అసలు మందు గోడకి పెట్టిన ఎగ్జాస్ట్ ఫ్యాన్. అది పెట్టకుండా వేసే ఏ రంగయినా రెండు చలికాలాలే.

రంగు

ఇక్కడ మేస్టారికీ నాకూ నాలుగు మాటలు నడిచాయి. కొత్త సిమెంటు పనిలో క్షారం, తేమ దిగడానికి నెల రోజులు కావాలి. ముందే రంగు వేస్తే బొబ్బలు లేస్తాయి, రంగు మచ్చలుగా వెలిసిపోతుంది. అన్నప్రాశన తేదీకి హాలు, వంటిల్లు, రెండో గది అందుకుంటాయి, పడమటి గది అందుకోదు. చివరికి ఆ గదికి క్షారానికి తట్టుకునే ప్రైమర్ ఒక్కటే వేసి తలుపు మూశాం. చుట్టాల్లో ఎవరో తలుపు తీసి ఇదేటి మేస్టారూ అన్నారట. ఆయన చేత్తో విరిచిన ఊచ ముక్క తెచ్చి చూపించారట.

హాల్లో గోధుమరంగు మరక మీద నీళ్ళ ఎమల్షన్ ఎన్ని పూతలు వేసినా మరక పైకి తేలుతుంది. నీళ్ళలో కరిగే ఆ మరక తడి రంగులోంచి మళ్ళీ బయటికొస్తుంది. ఆ చోట వరకు సాల్వెంట్ ప్రైమర్ పూసి, ఆరాక మిగతా సీలింగుతో కలిపాం. లప్పం సిమెంటుదే, రెండు పలచటి పూతలు, మధ్యన ఉప్పుకాగితం. సీలింగు లప్పం పట్టు చూడాలంటే గది చీకటి చేసి, గోడ పక్కన టార్చి ఆనించి వెలుగుని సీలింగు వెంట పారనివ్వాలి. ప్రతి ఎత్తూ ప్రతి గుంటా నీడ వేసి చూపిస్తుంది. పడకగదిలో అతుకు అంచు అలా రెండుసార్లు దొరికింది, మళ్ళీ రుద్దించాం.

రంగు మ్యాట్ తెలుపు, అంటే మెరుపు లేనిది. మెరిసే రంగు వేస్తే అతుకులన్నీ పగలు కిటికీ వెలుతురులో కనిపిస్తాయి. రోలరు చివరి పూత కిటికీ నుంచి వెలుగు వచ్చే దిశలోనే లాగాలి, ఒక గదిలో సీలింగు మధ్యలో ఆపకూడదు. ఆపితే ఎండిన అంచు దగ్గర గీత పడుతుంది, దాన్ని మూడో పూత కూడా దాచదు. ఫ్యాన్లు ఆపేసి వేయాలి. తీరంలో గాలికి రంగు రోలరు మీదే ఎండుతుంది, వైజాగులో నాలుగు గోడల మధ్య ఫ్లాట్‌లో వేసే పెయింటరుకి ఇది అలవాటు ఉండదు.

మొత్తం ఖర్చులో రంగు, లప్పం, ప్రైమర్, పెయింటరు కూలీ అన్నీ కలిపి ఆరో వంతు కన్నా తక్కువ. సింహభాగం పడకగదిలో కూలీలకే పోయింది, అందులోనూ పగలగొట్టడానికి, తుప్పు గీకడానికి. పెయింటరు కొటేషన్‌లో ఈ రెండూ లేవు.

వానాకాలం వెళ్ళాక నవంబరులో చూశాను. హాలు పొడిగా ఉంది, తూములు మేస్టారే వారానికోసారి చూస్తున్నారట. వంటింట్లో చుక్కలు రాలేదు. పడకగదిలో అతుకు పడమటి అంచు బయట, గోడ దగ్గర, సుత్తికి జానెడు మేర డొల్ల పలికింది. పెచ్చు ఇంకా ఊడలేదు, నెర్రె కూడా లేదు. సుద్దతో గీసి, పక్కన తేదీ రాసి వచ్చాను. ఆ గీత దాటి పెరిగితే ఆ వైపు పట్టీ విప్పుతాం. స్టోరు గది సగం ఉప్పు ఇసుక వైపే పడుతుంది, అక్కడ రెండు ఊచల వెంట తుప్పు గీతలు మొదలయ్యాయి. ఈసారి మేస్టారు పెయింటరుకి ఫోన్ చేయలేదు. సంక్రాంతి తర్వాత సరుగుడు కర్రలు తెచ్చుకోమన్నారు.